పెద్ద మడ్ టైర్లు వేయించాక 90 దగ్గర స్టీరింగ్ వణుకుతోంది, బ్యాలెన్సింగ్ యంత్రం మాత్రం సున్నా చూపిస్తోంది

కరీంనగర్_థార్
నాది కొత్త తరం థార్, డీజిల్ మాన్యువల్. కంపెనీ ఇచ్చిన 255/65 ఆర్18 టైర్లు తీయించి, 17 అంగుళాల అల్లాయ్ రిమ్ముల మీద 285/70 ఆర్17 మడ్ టెరైన్ టైర్లు వేయించాను. బురదలో, ఇసుకలో బండి పోతున్న తీరు చూస్తే పెట్టిన డబ్బు దండగ కాలేదనిపిస్తోంది. అయితే రాజీవ్ రహదారి ఎక్కి మీటరు 85 దాటగానే స్టీరింగ్ వణకడం మొదలవుతుంది. 100 వరకు అదే వరస, ఆ పైన కొంత తగ్గుతుంది. షాపులో మళ్లీ బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా చిన్న వెయిట్లు అంటించడం) చేసి, నాలుగు చక్రాలకూ యంత్రం మీద సున్నా చూపించారు. ఒక చక్రానికి 140 గ్రాముల వెయిట్లు అంటించారు. ఇంకా వణుకుతోందంటే, పెద్ద టైర్లు వేసుకున్నాక ఇంతేనని, అలవాటు చేసుకోవాలని అంటున్నారు. ఆ మాట నాకు మింగుడుపడటం లేదు. అమ్మానాన్నలు కూడా ఎక్కే బండి ఇది. సున్నా వచ్చిన తర్వాత కూడా వణుకు ఎక్కడి నుంచి వస్తోందో తెలిసినవారు చెప్పగలరా?

ఖమ్మం_రోడ్డు
ముందు అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించండి. టైరు సైజు మార్చినప్పుడల్లా తప్పనిసరిగా చేయించవలసిన పని అది.

మెకానికల్_మాస్టారు
అలైన్‌మెంట్ చేయించడం మంచిదే కానీ, ఈ జబ్బుకు అది మందు కాదు. అలైన్‌మెంట్ చెడితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున ఎక్కువగా అరుగుతుంది. ఒక వేగం దగ్గర మొదలై మరో వేగం దగ్గర తగ్గే వణుకు మాత్రం తిరిగే వస్తువు నుంచే వస్తుంది.

అసలు సంగతి ఇది. మీ కొత్త టైరు వ్యాసం దాదాపు 831 మిల్లీమీటర్లు, పాతది 789. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఈ చక్రం సెకనుకు సుమారు 10 చుట్లు తిరుగుతుంది. యాక్సిల్, హబ్ (చక్రాన్ని బిగించే నడి భాగం), చక్రం కలిసి సస్పెన్షన్ కింద సహజంగా ఎగిరిపడే వేగం కూడా చాలా బండ్లలో సెకనుకు 10 నుంచి 15 సార్ల మధ్యనే ఉంటుంది. రెండూ కలిసిన చోట చిన్న లోపం కూడా పెద్దగా తెలుస్తుంది, ఆ వేగం దాటితే తగ్గుతుంది. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా అదే.

ఇక బరువు సంగతి. ట్రెడ్ (టైరులో రోడ్డును తాకే పై పొర) దగ్గర ఒక పక్క 50 గ్రాములు ఎక్కువ ఉందనుకుందాం. 90 వేగంలో ఆ 50 గ్రాములు ప్రతి చుట్టుకూ చక్రాన్ని దాదాపు 8 కిలోల బలంతో బయటికి లాగుతాయి. వేగం సగమైతే ఆ బలం నాలుగో వంతుకు పడిపోతుంది కనుక ఊళ్లో నడిపేటప్పుడు మీకేమీ తెలియదు. పైగా ఆ 50 గ్రాములను రిమ్ అంచున సరిదిద్దాలంటే మీ 17 అంగుళాల రిమ్ముకు 95 గ్రాముల వరకు అంటించాలి. టైరు పెరిగి రిమ్ తగ్గిన కొద్దీ ఈ నిష్పత్తి మనకు ప్రతికూలంగా మారుతుంది.

కరీంనగర్_థార్
చాలా స్పష్టంగా చెప్పారు. మరి యంత్రం సున్నా చూపించాక ఆ 50 గ్రాములు మిగలకూడదు కదా?

హబ్_రింగ్
మాస్టారు చెప్పినదంతా నిజమే. అయితే యంత్రం చూపే సున్నాను నమ్మాలంటే ముందు చక్రం యంత్రం మీద నట్టనడుమ కూర్చుని ఉండాలి. పదేళ్లకు పైగా ఈ పనే చేస్తున్నాను, అందుకే ఇంత గట్టిగా అంటున్నాను. పెద్ద చక్రాల విషయంలో పేచీ ఎక్కువగా వెయిట్ల దగ్గర ఉండదు, కోన్ (చక్రం నడి రంధ్రంలో దూరి దాన్ని యంత్రం షాఫ్టు మధ్యకు తెచ్చే శంకువు) దగ్గర ఉంటుంది.

మామూలు కారు చక్రం 15, 18 కిలోలు ఉంటుంది. మీ మడ్ టైరూ రిమ్మూ కలిసి 35 కిలోలకు తక్కువ ఉండదు. అంత బరువును ఒంటి చేత్తో ఎత్తి షాఫ్టుకు తగిలించి, ముందు నుంచి కోన్ పెట్టి బిగిస్తే, చక్రం తన బరువుకు మిల్లీమీటరులో కొంత కిందికి జారి అక్కడే బిగుసుకుంటుంది. తిరగలి నడుమ మేకు పక్కకు జరిగితే రాయి ఎంత నున్నగా ఉన్నా ఊగుతూనే తిరుగుతుంది, ఇదీ అలాంటిదే. ఆ తప్పుడు కేంద్రానికి లెక్కగట్టి యంత్రం వెయిట్లు అడుగుతుంది, అంటిస్తే సున్నా చూపిస్తుంది. ఆ చక్రాన్ని బండి హబ్బుకు బిగించగానే కేంద్రం మారుతుంది, అంటించిన వెయిట్లే లోపమవుతాయి.

దీన్ని పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. సున్నా వచ్చిన చక్రాన్ని యంత్రం మీదే వదులు చేసి, షాఫ్టును కదపకుండా చక్రాన్ని మాత్రం సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పమనండి. రెండోసారి కూడా సున్నా గానీ, 5, 10 గ్రాముల లోపు గానీ వస్తే కేంద్రం సరిగా ఉన్నట్టు. 40, 50 గ్రాములు చూపిస్తే అంతకు ముందు చేసిన బ్యాలెన్సింగ్ అంతా వృథా. మీరు దగ్గర నిలబడి ఈ పరీక్ష చేయించండి. పని తెలిసినవాడు ఎవడూ కాదనడు.

నల్లరేగడి
మా కర్నూలు వైపు నుంచి ఒక్క మాట. ముందు చక్రాల లోపలి వైపు చేయి పెట్టి చూడండి. నల్లరేగడి పొలాల్లో దిగి వచ్చిన బండికి రిమ్ లోపలి గుండ్రంలో మట్టి పేరుకుంటుంది, ఎండాక సిమెంటు పట్టినట్టు పట్టి ఊడదు. బయటి నుంచి నీళ్లు కొట్టి కడిగితే అది కనబడదు. అరచేతిలో పట్టేంత ముద్ద ఒక్కటి చాలు, మాస్టారు చెప్పిన 50 గ్రాములను ఎప్పుడో దాటేస్తుంది. నేనైతే చక్రం విప్పి, చెక్క ముక్కతో గీకి, తర్వాతే హైవే ఎక్కుతాను.

పాతజీపు
నా మహీంద్రా ఎంఎం 540 జీపుకి ఇప్పటికీ ట్యూబు వేసిన నైలాన్ టైర్లే. రాత్రంతా నిలబెట్టిన బండి తెల్లవారి మొదటి కొన్ని కిలోమీటర్లు దడదడలాడుతుంది, టైరు వేడెక్కి గుండ్రంగా మారాక సర్దుకుంటుంది. రేడియల్ టైర్లలో ఇది చాలా తక్కువే కానీ, నెలల తరబడి కదలకుండా ఉన్న బండికి వాటిలోనూ వస్తుంది. మీ వణుకు ప్రయాణం మొదట్లోనే ఉండి తగ్గుతోందా, చివరి దాకా ఉంటోందా అన్నది గమనించండి.

కరీంనగర్_థార్
చివరి దాకా ఉంటోంది. రిమ్ముల లోపల మట్టి లేదు, నిన్ననే విప్పి కడిగాను.

డాలస్_రాంగ్లర్
నేను ఇక్కడ టెక్సస్‌లో 37 అంగుళాల టైర్ల మీద రాంగ్లర్ నడుపుతున్నాను, కాబట్టి ఈ బాధ నాకు బాగా తెలుసు. బ్యాలెన్సింగ్ యంత్రం చక్రాన్ని గాలిలో తిప్పుతుంది, రోడ్డు మీద చక్రం అర టన్ను బరువు మోస్తూ తిరుగుతుంది. ఈ తేడాయే అసలు చిక్కు. టైరు లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి కలిసిన చోట పక్క గోడ కొంచెం గట్టిగా ఉంటుంది. ఆ చోటు రోడ్డును తాకిన ప్రతిసారీ చక్రాన్ని పైకి నెడుతుంది. బరువు పరంగా ఎంత సమంగా ఉన్నా ఆ నెట్టుడు పోదు. వెయిట్లు అంటించి దాన్ని తీసేయలేము.

ఇక్కడి టైరు షాపుల్లో హంటర్ కంపెనీ రోడ్ ఫోర్స్ యంత్రాలు చాలా చోట్ల ఉంటాయి. అవి ఒక రోలరును అయిదు వందల కిలోలకు పైగా బలంతో టైరుకు అదిమి తిప్పుతూ, ఎక్కడ గట్టిగా ఉందో, రిమ్ ఎక్కడ గుండ్రం తప్పిందో విడివిడిగా చూపిస్తాయి. టైరులోని ఎత్తు భాగాన్ని రిమ్‌లోని పల్లపు భాగం ఉన్న చోటికే తెచ్చి మళ్లీ ఎక్కిస్తే ఒకదాన్నొకటి చాలావరకు సరిచేసుకుంటాయి. పెద్ద టైరు నునుపుగా నడవాలంటే ఇంతకు మించిన పద్ధతి నేను చూడలేదు.

జిమ్నీ_విశాఖ
మన దగ్గర ఆ యంత్రం వెతికి పట్టుకోవడం కష్టం. చాలా టైర్ల మీద రంగు చుక్కలు వస్తాయి కదా, వాటిని వాడుకోవచ్చు. పసుపు చుక్క తేలికైన చోటు, దాన్ని వాల్వు పక్కకు తేవాలి. ఎర్ర చుక్క ఎత్తుగా, గట్టిగా ఉన్న చోటు, దాన్ని రిమ్ పల్లపు గుర్తు పక్కకే తేవాలి. రెండూ ఉంటే ఎర్ర చుక్కకే మొదటి స్థానం.

హబ్_రింగ్
విశాఖ మిత్రులు చెప్పినది సరైనదే, కానీ బయట కొనే అల్లాయ్ రిమ్ముల మీద ఆ పల్లపు గుర్తు సాధారణంగా ఉండదు. అప్పుడు సుద్దముక్కే మనకు యంత్రం. చక్రం బండికే ఉంచి, జాకీ మీద లేపి, కింద ఇటుకలు పేర్చి వాటి మీద సుద్దముక్కను ట్రెడ్‌కు వెంట్రుకవాసి దూరంలో కదలకుండా పట్టుకుని చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. సుద్ద గీసుకున్న చోటు ఎత్తు భాగం. మడ్ టైరుకు గుబ్బలు పెద్దవి కనుక అంచు గుబ్బల మీద కాకుండా నడి వరుస మీద చూడాలి. తర్వాత అదే పని రిమ్ అంచు మీద కూడా చేయండి. గుండ్రంలో తేడా ఒకటిన్నర మిల్లీమీటరు దాటితే హైవే మీద తెలుస్తుందనే నా అనుభవం చెబుతోంది.

గోదావరి_గట్టు
ఇంత శ్రమ ఎందుకండీ? బ్యాలెన్సింగ్ పూసలు (వెయిట్లకు బదులు టైరు లోపల వేసే చిన్న గుళ్లు) వేసుకోండి. నా 35 అంగుళాల టైర్లలో పూసలే ఉన్నాయి, ఒక్క వెయిటు కూడా లేదు. వాగులు దాటినా, రాళ్ల మీద ఎక్కినా ఊడిపోయేది ఏమీ ఉండదు. మారేడుమిల్లి అడవుల్లో తిరిగి వచ్చి నేరుగా హైవే ఎక్కుతాను, హాయిగా నడుస్తుంది.

మెకానికల్_మాస్టారు
గోదావరి గారి అనుభవాన్ని కాదనను, కానీ పూసలకు కొన్ని హద్దులున్నాయి, వాటిని తెలుసుకుని వేసుకోవాలి. చక్రం తన సహజ కంపన వేగాన్ని దాటాకే పూసలు బరువైన చోటుకు ఎదురుగా చేరతాయి. ఆ వేగం కంటే కింద అవి సాయం చేయకపోగా అప్పుడప్పుడు చెరుపు చేస్తాయి. పై నుంచి కింది వరకు ఉన్న బరువు తేడాను కొంత సరిచేస్తాయి కానీ, వెడల్పాటి రిమ్‌లో లోపలి అంచుకూ బయటి అంచుకూ మధ్య ఉన్న తేడాను అంత నమ్మకంగా సరిచేయలేవు. స్టీరింగ్‌ను అటూ ఇటూ ఊపేది ఎక్కువగా ఆ రెండో తేడాయే. టైరు గుండ్రంగా లేకపోతే పూసలు చేయగలిగింది ఏమీ లేదు.

జిమ్నీ_విశాఖ
దానికి తోడు మా తీరంలో గాలి పట్టే కంప్రెసర్ ట్యాంకుల్లో నీళ్లు చేరుతుంటాయి. రోజూ కింద మర తిప్పి నీళ్లు వదిలే షాపులు తక్కువ. ఆ తడి గాలి టైరులోకి పోతే పూసలు ముద్దకట్టి ఒక మూల అతుక్కుంటాయి. నా మిత్రుడి బండిలో జరిగింది ఇదే, టైరు విప్పితే పిండి ముద్దలా బయటికి వచ్చాయి.

గోదావరి_గట్టు
నేను పొడి గాలి పట్టించుకుంటాను, వాల్వులోకి పూసలు రాకుండా జాలీ ఉన్న పిన్నులు వాడతాను. ఆ జాగ్రత్తలు తీసుకోనివారికి పూసలు వద్దనే నేనూ చెబుతాను. కానీ జాగ్రత్తగా వాడితే అవి పనిచేయవంటే మాత్రం ఒప్పుకోను.

ఖమ్మం_రోడ్డు
ఒక సంగతి ఎవరూ అడగలేదు. పంక్చర్ కాకుండా టైరులో పోసే జిగురు ద్రవం ఏమైనా పోయించారా? మా అన్నయ్య బండికి పోయించాక ప్రతి ఉదయం మొదటి అరగంట వెనుక సీటు కంపించేది. రాత్రి నిలబడ్డ బండిలో అదంతా కిందికి దిగి గడ్డగా చేరుతుంది, మళ్లీ పరుచుకోవడానికి సమయం పడుతుంది. అది లోపల ఉండగా ఏ యంత్రం మీద తిప్పినా ఒక్కోసారి ఒక్కో లెక్క వస్తుంది.

కరీంనగర్_థార్
లేదు, ఏమీ పోయించలేదు. రేపు హబ్_రింగ్ గారు చెప్పిన సగం చుట్టు పరీక్ష చేయించి వచ్చి రాస్తాను.

పాతజీపు
అప్పటిదాకా రోడ్డు మీదే ఒక పరీక్ష చేసి చూడండి. 95 వేగంలో రోడ్డు ఖాళీగా ఉన్న చోట గేరు న్యూట్రల్‌లో వేయండి, ఇంజను మాత్రం ఆపవద్దు. వణుకు అలాగే ఉంటే చాలావరకు చక్రాలదే (ప్రొపెల్లర్ షాఫ్టు, అంటే గేర్‌బాక్సు నుంచి యాక్సిల్‌కు బలం చేర్చే కడ్డీ, అప్పుడు కూడా తిరుగుతూనే ఉంటుంది కనుక దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం), పోతే ఇంజను బలం పడినప్పుడే కంపించే భాగాలు, ముఖ్యంగా ఆ షాఫ్టు యు-జాయింట్ల (కీళ్ల) వైపు చూడాలి. పెద్ద టైర్ల కోసం బండిని ఎత్తించినప్పుడు షాఫ్టు కోణం మారి ఇటువంటి కంపనం వస్తుంది. బ్రేకు తొక్కినప్పుడే వస్తే బ్రేకు డిస్కు. స్టీరింగ్‌లో తెలిస్తే ముందు చక్రాలు, సీటులో, నేలలో తెలిస్తే వెనుక చక్రాలు అనుకోవచ్చు.

డాలస్_రాంగ్లర్
ఇంకొక మాట చేర్చాలి, ఎందుకంటే ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం. థార్‌కు ముందు వైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉంది కనుక భయం తక్కువ. నా రాంగ్లర్‌కు, అలాగే జిమ్నీకి ముందు ఒకే గట్టి యాక్సిల్. అటువంటి బండికి పెద్ద టైర్లు వేసి, బ్యాలెన్స్ సరిగా లేకుండా గతుకు మీదికి వేగంగా పోతే స్టీరింగ్ మొత్తం చేతుల్లోంచి లాక్కున్నట్టు ఊగిపోతుంది, బండి దాదాపు నిలబడేంత వరకు ఆగదు. దానికి చాలామంది గట్టి స్టీరింగ్ డాంపర్ (స్టీరింగ్ ఊపును అణిచే షాక్ అబ్సార్బర్ లాంటిది) వేయించి ఊరుకుంటారు. అది రోగాన్ని కప్పిపెట్టడమే అవుతుంది. ట్రాక్ బార్ (యాక్సిల్‌ను పక్కలకు జరగనివ్వని కడ్డీ) బోల్టులు, బుష్షులు, బాల్ జాయింట్లు చూసుకుని, టైర్లు సరిచేసుకోవాలి.

జిమ్నీ_విశాఖ
ఇది అక్షరాలా నిజం. జిమ్నీ ఉన్నవారందరూ ఈ మాటను గుర్తుపెట్టుకోవాలి.

కరీంనగర్_థార్
ఫలితాలు ఇవి. న్యూట్రల్‌లో కూడా వణుకు అలాగే ఉంది, కాబట్టి చాలావరకు చక్రాలదేననిపించింది. షాపులో చక్రాన్ని సగం చుట్టు తిప్పి బిగిస్తే, సున్నా ఉన్న చోట 60 గ్రాములు చూపించింది. వాళ్లే ఆశ్చర్యపోయారు. నా రిమ్ముల నడి రంధ్రం ముందు వైపు అంచుకు రంగు దట్టంగా పట్టి ఉంది, కోన్ దాని మీద వంకరగా కూర్చుంటోంది.

ఆ రిమ్ములు విప్పించి హైదరాబాద్‌లో, నట్ల రంధ్రాల్లోకి వేళ్లలాంటి కడ్డీలు వెళ్లే ఫ్లాంజ్ ప్లేటు ఉన్న ఒక చోటికి తీసుకెళ్లాను. అక్కడ కోన్‌ను వెనుక నుంచి, అంటే హబ్బుకు ఆనే వైపు నుంచి పెట్టి, ముందు నుంచి ప్లేటుతో అదిమారు. పాత వెయిట్లన్నీ పీకేసి మొదటి నుంచి చేశారు. రెండు చక్రాలకు 40 గ్రాముల లోపే సరిపోయింది. 140 గ్రాములు అంటించిన చక్రంలో గాలి తీసి, టైరును రిమ్ మీద సగం చుట్టు తిప్పి ఎక్కిస్తే అవసరమైన వెయిటు 55 కు దిగింది. నాలుగోదానికి సుద్దముక్క పరీక్షలో స్పష్టంగా ఒక ఎత్తు కనబడింది. టైరును తిప్పి ఎక్కించాక కొంత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. దాన్ని వెనక్కు వేయించాను. ఇప్పుడు స్టీరింగ్ 110 వరకు కదలకుండా ఉంది. 95 దగ్గర సీటు కింద సన్నటి అదురు మాత్రం మిగిలింది.

హబ్_రింగ్
చాలా సంతోషం. ఇంకో రెండు జాగ్రత్తలు. మీ రిమ్ నడి రంధ్రం బండి హబ్బు కంటే పెద్దదైతే చక్రాన్ని మధ్యకు తెచ్చేది ఆ ఏటవాలు నట్లు మాత్రమే. కాబట్టి చక్రం గాలిలో ఉండగానే ఎదురెదురు నట్లను కొంచెం కొంచెంగా బిగించి, టైరు నేలను తాకాక టార్క్ పానాతో పూర్తి చేయాలి. గాలి గన్నుతో ఒక్కో నట్టునూ ఒకేసారి చివరిదాకా బిగిస్తే ఇంత పనీ మళ్లీ మొదటికి వస్తుంది. సుమారు వంద కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగింపు చూసుకోండి.

రెండోది, ఇసుకలో దిగేటప్పుడు గాలి 15 కు తగ్గిస్తారు కదా. అంత తక్కువ గాలిలో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే టైరు రిమ్ మీద కొద్దిగా జారి తిరుగుతుంది. చేసిన బ్యాలెన్స్ అక్కడితో పోతుంది. ఇప్పుడే టైరు మీదా రిమ్ మీదా ఎదురెదురుగా తెల్ల పెయింటుతో ఒక గీత గీసుకోండి. సూర్యలంక వంటి బీచిలో తిరిగి వచ్చాక ఆ గీతలు విడిపోయి కనబడితే మళ్లీ బ్యాలెన్సింగ్ చేయించక తప్పదు.

నల్లరేగడి
ఆ అదురు ఉన్న నాలుగో టైరును స్టెప్నీగా పెట్టేసి, స్టెప్నీని కిందికి దించితే సరిపోతుంది కదా?

మెకానికల్_మాస్టారు
స్టెప్నీ కూడా అదే సైజైతే అది మంచి ఆలోచన. పాత 255 టైరు స్టెప్నీగా ఉంటే మాత్రం వద్దు. ఒకే యాక్సిల్ మీద వ్యాసంలో 42 మిల్లీమీటర్ల తేడా ఉంటే డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) నిరంతరం పనిచేస్తూనే ఉండాలి, ఫోర్ వీల్‌లో వేస్తే ఇంకా ప్రమాదం. మరొక సంగతి, ఈ సైజులో మీ మీటరు అయిదు శాతం తక్కువ చూపిస్తుంది. మీరు 95 అనుకుంటున్నది నిజానికి 100. మడ్ టెరైన్ టైర్లలో చాలావాటికి వేగ పరిమితి గుర్తు క్యూ, అంటే 160, కాబట్టి టైరుకు ఇబ్బంది లేదు. మీ చలానాలకు ఇబ్బంది.

కరీంనగర్_థార్
స్టెప్నీ కూడా 285 దే తీసుకున్నాను, ఇంతవరకు నేలను తాకలేదు. ఈ ఆదివారం సుద్దముక్క పెట్టి దాని గుండ్రం చూసి, బాగుంటే మార్చేస్తాను. తెల్ల గీతలు ఇవాళే గీశాను.

డాలస్_రాంగ్లర్
మార్చేటప్పుడు దానికి కూడా బ్యాలెన్సింగ్ చేయించారో లేదో చూసుకోండి. స్టెప్నీని చాలా షాపుల్లో బ్యాలెన్స్ చేయకుండానే వెనుక తగిలించేస్తారు.

హబ్_రింగ్
అవును, ఆ అలవాటు మన దగ్గరా ఉంది. వెయిట్లు ఉన్నాయో లేదో చూస్తే తెలిసిపోతుంది. లేకపోతే ఆ ఫ్లాంజ్ ప్లేటు ఉన్న చోటికే తీసుకెళ్లండి. వెయిట్లు అంటించే ముందు రిమ్ లోపలి తలాన్ని థిన్నరుతో తుడిచి ఆరనివ్వమనండి, లేదంటే మొదటి వాగులోనే ఊడిపోతాయి. కొత్త టైరు రిమ్ మీద సర్దుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది కనుక వెయ్యి కిలోమీటర్ల తర్వాత అయిదు చక్రాలనూ ఒకసారి మళ్లీ తిప్పించండి. ఆ తర్వాత ప్రతి ఏడెనిమిది వేల కిలోమీటర్లకు ముందువి వెనక్కు మార్చుకుంటూ ఉంటే గుబ్బలు మెట్లు మెట్లుగా అరగవు. అలా అరిగిన మడ్ టైరును మాత్రం ఏ యంత్రమూ నునుపుగా నడిపించలేదు.